బక్కన్నకు షేక్‌హ్యాండ్

ఒంటరిగా వెళ్తే పెద్దవాళ్లను లోపలికి రానివ్వని చోటు ఆ ఊళ్లో ఒక్కటే ఉంది. అది పిల్లల మ్యూజియం. పిల్లలకు టికెట్టు లేదు. బడికి బడి కదిలొచ్చినా టికెట్టు లేదు. పెద్దవాళ్లు మాత్రం వెంట ఒక పిల్లనో పిల్లాణ్నో తెచ్చుకుంటేనే గేటు దాటాలి. అందుకని లోపల ఏముందో చూడాలని మనసు పీకే పెద్దమనుషులు పక్కింటి పిల్లల్ని బతిమాలి, చాక్లెట్ల ఆశ చూపించి మరీ పట్టుకొచ్చేవాళ్లు. "ఈ బాబు మీకేమవుతాడండీ?" అని అడిగితే నీళ్లు నమిలేవాళ్లు.

మ్యూజియమంటే మహా ఏమీ కాదు. ఒకప్పటి పోస్టాఫీసు భవనం. మొదటి గదిలో పాత కుట్టుమిషన్లు, తూనికరాళ్లు, వేలితో తిప్పే టెలిఫోను ఉంటాయి. చివరి గదిలో మీట నొక్కితే ఎర్రనీళ్లు కక్కే అగ్నిపర్వతం ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఎముకల గది. చేప ముల్లు మొదలుకొని గుర్రం పుర్రె దాకా అందులో లేని ఎముక లేదు. గది నడిమధ్యన, ఇనపకడ్డీకి వేలాడుతూ నిలువెత్తు అస్థిపంజరం. దాని పక్కన గోడకు ఒక అట్ట: "ప్లాస్టరుతో చేసిన నమూనా. పిల్లలు ముట్టుకోవచ్చు."

ఆ గదిలోకి రాగానే చిన్న తరగతుల పిల్లలు బిక్కచచ్చిపోయేవాళ్లు. ఒకరి వెనక ఒకరు దాక్కునేవాళ్లు. అక్కడే గైడమ్మ పనితనమంతా కనపడేది. ఆవిడ అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తెలిసుంటుందేమో గానీ ఊళ్లో అందరికీ ఆవిడ గైడమ్మే. మాటలతో కోటలు కట్టే మనిషి. రాయిని కూడా నవ్వించగలదు.

"వీడి పేరు బక్కన్న," అని మొదలుపెట్టేది. "కూర వద్దన్నాడు, పాలు వద్దన్నాడు, వాళ్లమ్మ బతిమాలితే మూతి తిప్పుకున్నాడు. చూడండి చివరికి ఎలా తయారయ్యాడో! పాపం, పలకరించే దిక్కులేక వేలాడుతున్నాడు. ఒక్కొక్కళ్లే వచ్చి షేక్‌హ్యాండ్ ఇవ్వండి."

అంతే, భయం ఎగిరిపోయేది. పిల్లలు వరసలో నిలబడి ఆ చేతిని పట్టుకుని ఊపేవాళ్లు. బక్కన్నకు షేక్‌హ్యాండ్ ఇవ్వందే అగ్నిపర్వతం చూడనివ్వకపోవడం ఆ మ్యూజియంలో చట్టం. పళ్లెలా తోముకోవాలో నేర్పడానికి బూట్ల బ్రష్షంత బ్రష్షు ఒకటి పెట్టింది గైడమ్మ. తరగతికి ఒకరు చొప్పున బక్కన్నకు పళ్లు తోమాలి. చలికాలంలో నెత్తిన ఉన్ని టోపీ. ఒకసారి బొగ్గుతో మీసం కూడా దిద్దారు. చిన్నప్పుడు షేక్‌హ్యాండ్ ఇచ్చిన పిల్లలు పెద్దయి, తమ పిల్లల్ని చంకనేసుకొచ్చి "బాగున్నావా బక్కన్నా?" అని పలకరించేవాళ్లు. అది చూసినప్పుడల్లా గైడమ్మకు కడుపు నిండిపోయేది. తన జన్మకు ఇది చాలనుకునేది.

ఆవిడ కూతురు ఐదో తరగతి. మొగుడు రొట్టెల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం డ్యూటీ చేసేవాడు కాబట్టి బడి వదలగానే పిల్ల తిన్నగా మ్యూజియానికే వచ్చేది. బక్కన్న పక్కన స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకునేది. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది కాబట్టి దానికి బక్కన్న ఇంట్లో మనిషి కిందే లెక్క. రేపు దాని తరగతి మొత్తం మ్యూజియం చూడ్డానికి వస్తోంది. ఎముకల గదిలో గైడు పని తనే చేస్తానని, వారం నుంచీ అద్దం ముందు నిలబడి మాటలు బట్టీ పడుతోంది. తల్లి లోలోపల మురిసిపోతోంది.

ఆ పొద్దున వచ్చింది మాత్రం వేరే బడి. రెండో తరగతి పిల్లలు. పంతులమ్మకు తోడుగా ఒక పిల్ల తండ్రి వచ్చాడు. ఎముకల డాక్టరు. సెలవు పెట్టి మరీ వచ్చానని, చిన్నప్పుడు తను ఈ ఊళ్లో లేనందుకు ఇప్పుడు కుళ్లుకుంటున్నానని గేటు దగ్గర నవ్వుతూ చెప్పాడు.

షేక్‌హ్యాండ్ల కార్యక్రమం జోరుగా సాగుతోంది. ఒక బొద్దు పిల్లాడు తన బలమంతా చూపించాలనుకున్నాడో ఏమో, బక్కన్న చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి ఒక్క లాగు లాగాడు. టక్కుమంది. వాడి చేతిలో వేలిముక్క మిగిలింది.

"నేనేం చెయ్యలేదు! అదే ఊడొచ్చింది!" అని వాడు బావురుమన్నాడు.

"ఓస్, ఇంతేనా?" అంది గైడమ్మ. "ప్లాస్టరే నాన్నా. బక్కన్నకు ఇది మామూలే. సాయంత్రం జిగురు రాసి అతికిస్తాలే. ఏడవకు, బక్కన్న చూడు, నువ్వేడుస్తుంటే ఎలా పళ్లికిలిస్తున్నాడో!"

పిల్లలు గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వుతూనే వాడి చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాడు. విరిగిన వైపు తిప్పి చూశాడు. కిటికీ దగ్గరకు వెళ్లి వెలుతురులో మళ్లీ చూశాడు. గోటితో పైన గీకాడు. ఆయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో గైడమ్మ గమనించలేదు.

"పంతులమ్మగారూ, పిల్లల్ని అగ్నిపర్వతం దగ్గరికి తీసుకెళ్తారా?" అన్నాడు.

పిల్లలు కేరింతలు కొడుతూ పక్క గదిలోకి పరిగెత్తారు. డాక్టరు బక్కన్న దగ్గరికొచ్చి కింద నుంచి పైదాకా చూశాడు. నడుం దగ్గర చాలాసేపు ఆగాడు. మోకాళ్ల మీద కూర్చుని తుంటి ఎముకల్ని వేళ్లతో తడిమాడు.

"ఏంటి డాక్టరుగారూ, బక్కన్నకు వైద్యం చేస్తారా?" అంది గైడమ్మ. ఆవిడ నోరు ఊరుకోదు కదా.

"అమ్మా, ఇది ప్లాస్టరు కాదు," అన్నాడాయన మెల్లగా. "ఎముక. పైనున్నదంతా తెల్ల పెయింటు, కిటికీలకు కొట్టే పెయింటు. ఇదిగో, విరిగినచోట లోపల చూడండి, రొట్టెముక్కలా సన్నసన్న చిల్లులున్నాయి. ప్లాస్టరుకు ఇలా ఉండదు."

"ఏం ఎముక?" అంది గైడమ్మ. ఏ గొర్రెదో గేదెదో అంటాడనుకుంది పిచ్చితల్లి.

"మనిషిదమ్మా. ఒక మనిషిది."

పక్క గదిలో అగ్నిపర్వతం ఎర్రనీళ్లు కక్కినట్టుంది, పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఆ కేకకు గైడమ్మ ఉలిక్కిపడింది.

"ఇంకో సంగతి," అన్నాడు డాక్టరు, చెప్పాలా వద్దా అన్నట్టు. "బక్కన్న అంటున్నారు గానీ... ఇది ఆడమనిషి. కటి ఎముకను చూస్తే తెలిసిపోతుంది. చిన్న వయసే. పెళ్లీడు పిల్ల అయ్యుంటుంది."

గైడమ్మ కూతురి స్టూలు మీద కూలబడింది. తన కుడిచెయ్యి వంక చూసుకుంది. ఎన్నివేలసార్లు పట్టుకుందో ఆ చేతిని. ఎంతమంది పిల్లల చేతుల్ని తీసుకెళ్లి ఆ చేతిలో పెట్టిందో. పళ్లు తోమించింది. మీసం దిద్దించింది. కూర తినలేదని, పాలు తాగలేదని, వాళ్లమ్మ మాట వినలేదని ఒక చచ్చిపోయిన పిల్ల మీద రోజూ జోకులేసి నవ్వించింది. ఆ పిల్లకూ ఒక తల్లి ఉండే ఉంటుంది కదా! నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తి, పొద్దున తిన్నదంతా కక్కేసింది.

మ్యూజియానికి పెద్ద ఒకాయన ఉన్నాడు, అందరూ పెద్దసారంటారు. మంచివాడే గానీ నీడను చూసినా జడుసుకునే రకం. సంగతి వినగానే ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. గబగబా ఎముకల గదిలోకొచ్చి అట్ట చదివాడు. అగ్నిపర్వతం గదిలోకి పోయి చూశాడు. అక్కడ అట్ట ఉండాల్సిన చోట రెండు మేకులు మాత్రం ఉన్నాయి.

"కొంప ముంచారు," అన్నాడు. "అది అగ్నిపర్వతం అట్ట! ఎప్పుడో గోడలకు రంగులేయించినప్పుడు అట్టలన్నీ పీకి ఒకచోట కుప్ప పోసుంటారు. తిరిగి కొట్టేటప్పుడు దానిది దీనికి కొట్టేశారు. అగ్నిపర్వతం నమూనా అని వేరే చెప్పాలా, అందుకే అక్కడ అట్ట లేకపోయినా ఎవడూ అడగలేదు. దీపం కింద చీకటంటే ఇదే!"

"మరి దీని అట్ట మీద ఏముండేది సార్?" అంది గైడమ్మ.

"ఏమో! నేనొచ్చేటప్పటికే ఇది ఇక్కడుంది. మూసేసిన ఆస్పత్రి నుంచి సామాను వచ్చిందని విన్నాను. దాంతో వచ్చుంటుంది. ఎవరో ఏమో, ఏ ఊరో ఏమో." ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అసలు దీనికి పెయింటు ఎవడు కొట్టాడు?"

గైడమ్మ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. కిటికీలకు రంగులు వేసినప్పుడల్లా పెయింటరు డబ్బా అడుగున కాస్త మిగిలేది. పారబోయడమెందుకు, మా బక్కన్నకూ ఒక చెయ్యి వెయ్యమని చెప్పింది తనే. తెల్లగా తళతళలాడుతుంటే పెళ్లికొడుకులా ఉన్నాడని మురిసిపోయింది కూడా.

డాక్టరు తన పని తను చేశాడు. మెడికల్ కాలేజీలో తనకు తెలిసినవాళ్లకు ఫోను చేశాడు. పైవాళ్లకు చెప్పాలని, ఆ పిల్లను మర్యాదగా తీసుకెళ్లి ఏం చెయ్యాలో వాళ్లే చూస్తారని పెద్దసారుకు నచ్చజెప్పాడు. "పిల్లలకు ఏమీ కాదు, రోగాలూ రొష్టులూ ఏమీ అంటవు, భయపడకండి," అన్నాడు గైడమ్మతో. ఆవిడ భయం అది కాదని ఆయనకు తెలియదు.

పెద్దసారు అస్థిపంజరం మీద తెల్ల దుప్పటి కప్పించి గదికి తాళం వేశాడు. "వాళ్లొచ్చి తీసుకెళ్లేదాకా ఈ గది మరమ్మతులో ఉంది. అడిగితే అదే చెప్పండి. పిల్లల చెవిన పడిందా, రాత్రికి తల్లులు, తెల్లారేసరికి ఊరు మన గుమ్మం ముందుంటారు. మళ్లీ ఒక్క బడి మన మొహం చూడదు. రేపొచ్చేవాళ్లను తిన్నగా అగ్నిపర్వతం దగ్గరికి తోలేయండి."

"రేపొచ్చేది మా అమ్మాయి క్లాసు సార్."

"అయితే మరీ మంచిది. ఇంట్లోనే సర్దిచెప్పండి," అన్నాడాయన.

ఏమని సర్దిచెప్పడం? బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ గైడమ్మకు కూతురు పొద్దున అద్దం ముందు చేసిన విన్యాసాలే కళ్ల ముందు మెదిలాయి. చిన్నప్పుడు అది బక్కన్నను చూసి ఏడిస్తే, ఎత్తుకుని దగ్గరికి తీసుకెళ్లి "ఉత్త ప్లాస్టరే తల్లీ, అమ్మ మాట నమ్ము" అని వేళ్లకు వేళ్లు తగిలించి భయం పోగొట్టింది తనే. నమ్మింది కాబట్టే కదా రోజూ దాని నీడలో కూర్చుని ఎక్కాలు చదువుకుంది! ఇప్పుడు నిజం చెప్తే జడుసుకుని జ్వరం తెచ్చుకుంటుందేమో. చెప్పకపోతే, రేపు కాకపోతే ఎల్లుండి ఇంకెవరి నోటనో వింటుంది. ఇక జన్మలో అమ్మ మాట నమ్ముతుందా? ముందు నుయ్యి వెనక గొయ్యి. కూతురి నమ్మకం పోతే తను బతికేదెలా అనిపించి బస్సులోనే కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం మ్యూజియానికి రానివ్వకుండా, ఫోను చేసి పక్కింటివాళ్ల దగ్గర ఉంచమన్న పిల్లను తీసుకొచ్చి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"రేపు ఎముకల గది లేదమ్మా," అంది.

పిల్ల చేతిలో ముద్ద ఆగిపోయింది. "అదేంటి? నేనంతా బట్టీ పట్టా కదా!"

పెద్దసారు చెప్పిన మరమ్మతు మాట గైడమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇక లాభం లేదనుకుని ఊపిరి బిగపట్టి చెప్పేసింది. "బక్కన్న ప్లాస్టరు కాదట తల్లీ. నిజమైన మనిషట. ఎప్పుడో చచ్చిపోయిన మనిషి. మగవాడు కూడా కాదు, ఆడపిల్లట."

"ఆడపిల్లా!" పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మో! మనం మీసం పెట్టాం కదే! అందరం అన్నా అన్నా అన్నాం. పాపం, ఎంత బాధపడి ఉంటుంది!"

"అంతే తల్లీ, పొరపాటైపోయింది. భయపడకు. మనిషి అని తెలిసి నీకు భయమేస్తే నా దగ్గర పడుకో..."

"మనిషని నాకు తెలుసు కదా," అంది పిల్ల.

గైడమ్మకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"నిజం మనిషని. నేను మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు డాక్టరు ఎక్స్‌రే చూపించాడు గుర్తుందా? ఎముక అతుక్కున్నచోట బుడిపె ఉంటుందన్నాడు. బక్కన్నకూ ఉంది, ఎడం చేతికి. మోచేతి కింద. ప్లాస్టరు బొమ్మకు చెయ్యి విరిగితే విరిగినట్టే ఉంటుంది గానీ దానంతటదే అతుక్కోదు కదమ్మా. అప్పుడే తెలిసిపోయింది. అందుకే నేను ఎప్పుడూ మెల్లిగా షేక్‌హ్యాండ్ ఇస్తా."

పొద్దున డాక్టరు మాటకు కూడా గైడమ్మ ఇంతగా అదరలేదు. "మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"నీకు తెలుసనుకున్నా. చిన్నపిల్లలు జడుసుకుంటారని ప్లాస్టరని అబద్ధం చెప్తున్నావనుకున్నా. మంచికే కదా అని నేనూ ఎవరికీ చెప్పలా. మా ఫ్రెండ్సుకి కూడా."

ఇన్నాళ్లూ కన్నకూతురి లెక్కలో తను అబద్ధం ఆడుతోంది. ఆ అబద్ధాన్ని ఇంత పిల్ల, ఇంత జాగ్రత్తగా కాపాడుతూ వచ్చింది! గైడమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. అవునమ్మా, నాకు తెలుసు, అంటే సరిపోతుంది. పిల్ల ఎప్పటిలాగే అమ్మ అన్నీ తెలిసిన మనిషి అనుకుంటుంది. ఎంత తేలిక!

"నాకు తెలీదు తల్లీ," అంది. "నిజంగా తెలీదు. ఇవాళే తెలిసింది."

పిల్ల నమ్మలేనట్టు చూసింది. అమ్మ మొహమంతా వెతికింది, ఎక్కడైనా నవ్వు దాక్కుని ఉందేమోనని.

"రోజూ దాని పక్కనే నిలబడతావు కదమ్మా," అంది చివరికి. "నువ్వే కదా అందరికీ చూపించేది. ఒక్కసారి కూడా చూళ్లేదా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. పిల్ల అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. తల్లి పక్కన కాకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారి గైడమ్మ అందరికంటే ముందు మ్యూజియానికి వెళ్లింది. పెద్దసారు రాగానే తాళంచెవి అడిగింది. ఆయన ససేమిరా అన్నాడు. ఆవిడ చెయ్యి చాపుకుని అలాగే నిలబడింది. ఆయనకు ఆవిడ మాట్లాడకుండా నిలబడ్డం ఎన్నడూ అలవాటు లేదు. కంగారుపడి ఇచ్చేశాడు.

దుప్పటి తీసింది. ఎడమ చేతికి మోచేతి కింద, వెతకనక్కర్లేకుండానే కనపడింది బుడిపె. పెయింటు కింద నుంచి కూడా స్పష్టంగా ఉంది. చిన్నపిల్లకైనా కనపడేంత స్పష్టంగా. పై పళ్ల వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది, నవ్వితే అందంగా ఉండేదేమో. మీసం దిద్దినచోట ఇంకా కాస్త మసి మిగిలింది. గైడమ్మ కొంగు తడిపి దాన్ని తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. ఇన్నేళ్లలో వేలమందికి చూపించింది, తను మాత్రం చూడలేదు. ఎవరైనా వినుంటే ముక్కున వేలేసుకునేవాళ్లు.

గేటు దగ్గర పిల్లల గోల వినపడింది. కూతురి తరగతి. వరసగా లోపలికొచ్చారు, కుట్టుమిషన్లు చూశారు, టెలిఫోను తిప్పారు. కూతురు వరస చివర్లో ఉంది. తల్లి వంక చూడ్డం లేదు. పెద్దసారు అగ్నిపర్వతం వైపు చూపిస్తూ దూరం నుంచి సైగలు చేస్తున్నాడు.

గైడమ్మ ఎముకల గది తలుపు తీసింది. పెద్దసారు నెత్తి పట్టుకున్నాడు గానీ అడ్డం రాలేదు.

పిల్లలు లోపలికొచ్చారు. ఎప్పటిలా బిక్కచచ్చి ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. వినోదం ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నారు.

"ఈవిడ ప్లాస్టరు కాదు," అంది గైడమ్మ. "మనలాంటి మనిషి. పేరేంటో తెలీదు. ఎవరమ్మాయో తెలీదు. బక్కన్న అని మేం తప్పుగా పిలిచాం. త్వరలో ఇక్కణ్నుంచి వెళ్లిపోతుంది."

ముందు నిలబడ్డ పిల్ల చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"షేక్‌హ్యాండ్ ఇవ్వాలా ఆంటీ?"

"వద్దమ్మా. ముందు చూద్దాం," అంది గైడమ్మ. "నేను కూడా ఇవాళే చూశాను."

వరస చివర్లో కూతురు తలెత్తింది. తర్వాత ముందున్నవాళ్లను తప్పించుకుంటూ వచ్చి, బట్టీ పట్టిన మాటలేవీ చెప్పకుండా, ఎడమ చెయ్యి ఎక్కడ విరిగి అతుక్కుందో అందరికీ చూపించింది.